చూడని సరుకు: ఆన్‌లైన్ క్రయవిక్రయాలలో ఇరుపక్షాల బాధ్యత

బజారులో సరుకు కొనేవాడికి కళ్ళు, చేతులు, ముక్కు అన్నీ సాక్షులే. బట్ట కొనేవాడు దాన్ని వ్రేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. కుండ కొనేవాడు కణుపుతో కొట్టి చప్పుడు వింటాడు. అత్తరు కొనేవాడు చేతి మీద ఒక చుక్క రాయించుకుని, కొంతసేపు ఆగి, మరల వాసన చూస్తాడు. దుకాణదారు ఎంత మాటకారి అయినా ఈ సాక్షుల ఎదుట అతని మాటకు ఒక హద్దు ఉంటుంది. నేడు ఫోను మీద జరిగే క్రయవిక్రయాలలో ఈ సాక్షులందరూ తొలగిపోయారు. కొనేవాడి ఎదుట ఉన్నది ఒక బొమ్మ, నాలుగు వాక్యాల వర్ణన, మునుపు కొన్నవారు వేసిన నక్షత్రాలు. అమ్మేవాడి ఊరు తెలియదు, ముఖం తెలియదు. అవతల అమ్మేవాడికి కూడా కొనేవాడు ఒక చిరునామా మాత్రమే.

ఈ స్థితి పూర్తిగా కొత్తదని భావించటం పొరపాటు. యంత్రం కొత్తది గాని ప్రశ్న పాతదే. కళ్ళతో చూడని వస్తువును కొన్నవాడి హక్కు ఏమిటి, దాని గుణదోషాలు తెలిసిన అమ్మకందారు బాధ్యత ఏమిటి, నడుమ ఉన్న దళారి ఎంతవరకు జవాబుదారీ అన్న విషయాలను ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితులు వెయ్యేళ్ళకు పూర్వమే విపులంగా చర్చించారు. ఒంటెల బిడారుల మీద సరుకు నడచిన కాలంలో దూరదేశపు వస్తువును చూడకుండానే బేరం చేసుకోవటం సాధారణమైన విషయం. కాబట్టి వారి చర్చలలో నేటి ముస్లిం వ్యాపారికీ, కొనుగోలుదారుకూ అక్కరకు వచ్చేది చాలా ఉన్నది.

ముందుగా ఒక చిన్న సందేహం తీర్చుకోవలసి ఉన్నది. ఎదురెదురుగా కూర్చోకుండా, మాటైనా మాట్లాడకుండా, ఒక గుర్తు మీద వ్రేలు నొక్కినంత మాత్రాన అమ్మకం ఖరారు అవుతుందా? జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ 1990 మార్చిలో జరిగిన తన ఆరవ సమావేశంలో ఆధునిక సమాచార సాధనాల ద్వారా జరిగే ఒప్పందాలను గురించి తీర్మానం చేసింది. వ్రాతపూర్వకంగా గాని, టెలెక్సు, ఫ్యాక్సు, కంప్యూటరు వంటి సాధనాల ద్వారా గాని ఒకరి ప్రతిపాదన రెండవవారికి చేరి, అతడు సమ్మతి తెలిపితే ఒప్పందం కుదిరినట్లేనని ఆ తీర్మాన సారాంశం. నికాహ్‌ను, బంగారం, కరెన్సీల వంటి చేతికి చేయి మారవలసిన మార్పిడులను, సొమ్ము ముందుగా చెల్లించవలసిన సలమ్ బేరాన్ని వాటి ప్రత్యేక షరతుల దృష్ట్యా అకాడమీ వేరుగా ఉంచింది. తక్కిన వస్తువుల విషయంలో వ్రేలు నొక్కటం సమ్మతియే. అయితే ఆ సమ్మతి ఎంతవరకు కట్టుబడి ఉంటుందన్నది అసలు విషయం.

హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇరాఖ్‌లోని తమ భూమి ఒకదాన్ని హజ్రత్ తల్హా (రజి)కు ఇచ్చివేశారు. తల్హా ఆ భూమిని చూడలేదు. ఈ బేరంలో తమకు నష్టం వచ్చిందని ఎవరో అనగా ఉస్మాన్, తాము చూడకుండా అమ్మారు గనుక బేరాన్ని ఉంచే, రద్దు చేసే స్వేచ్ఛ తమకే ఉన్నదని భావించారు. తల్హా, తాము చూడకుండా తీసుకున్నారు గనుక ఆ స్వేచ్ఛ తమదన్నారు. ఇద్దరూ జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి)ను మధ్యవర్తిగా ఎన్నుకున్నారు. ఆయన తీర్పు తల్హా పక్షాన వచ్చింది. అనగా చూడకుండా కొన్నవాడికే స్వేచ్ఛ, అమ్మినవాడికి లేదు. ఈ హక్కునే ఫిఖహ్ పరిభాషలో ‘ఖియారె రూయత్’ అంటారు. చూసిన మీదట ఉంచుకునే లేదా వదలుకునే హక్కు అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మొదట ఈ హక్కు అమ్మేవాడికి కూడా ఉంటుందని అనేవారనీ, తరువాత ఆ అభిప్రాయాన్ని విరమించుకున్నారనీ ‘హిదాయా’ గ్రంథకర్త మర్‌గీనానీ తెలిపారు. ఇమామ్ షాఫిఈ (రహ్మ) తమ తుది అభిప్రాయంలో చూడని వస్తువు అమ్మకమే చెల్లదన్నారు. మన దేశంలో అత్యధికులు అనుసరించే హనఫీ మార్గంలో అమ్మకం చెల్లుతుంది, కాని కొన్నవాడి చేతిలో తాళంచెవి ఉంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. చూడకముందే కొనుగోలుదారు తనకు సమ్మతమేనని చెప్పివేసినా, చూసిన తరువాత కాదనే హక్కు అతనికి మిగిలే ఉంటుందని హిదాయా చెబుతున్నది. ఈ హక్కు పుట్టేది చూపుతో. పుట్టని హక్కును ముందే వదలుకోవటం కుదరదు. నేడు ఫోను తెరపై చిన్న అక్షరాలతో నిండిన షరతుల క్రింద ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టించి, ఆ టిక్కునే చూపి వస్తువును వెనక్కు తీసుకోమని చెప్పే అమ్మకందారులు ఉన్నారు. ఆ టిక్కు ఎంత బలహీనమైనదో ఫిఖహ్ తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. మన దేశపు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 41వ సెక్షను కూడా, మునుపు పరీక్షించని సరుకును పరీక్షించటానికి తగిన అవకాశం కలిగేవరకు కొనుగోలుదారు దాన్ని స్వీకరించినట్లు కాదని చెబుతున్నది.

అయితే బొమ్మను చూడటం వస్తువును చూసినట్లు అవుతుందా? దీనికి జవాబు వెదకటానికి హిదాయాలో అంధుడి కొనుగోలును గురించిన భాగం ఎంతో ఉపకరిస్తుంది. అంధుడు కొనవచ్చు, అమ్మవచ్చు. అతనికీ చూడని వస్తువు విషయంలో స్వేచ్ఛ ఉన్నది. తడిమితే తెలిసే వస్తువును తడిమినప్పుడు, వాసనతో తెలిసే వస్తువును వాసన చూసినప్పుడు, రుచితో తెలిసేదాన్ని రుచి చూసినప్పుడు అతని స్వేచ్ఛ తీరిపోతుంది. భూమి, ఇల్లు వంటివాటిని వాటి గుణాలన్నీ వర్ణించి చెప్పినప్పుడు తీరుతుంది. అనగా పండితుల దృష్టిలో ‘చూపు’ అంటే కంటి చూపు ఒక్కటే కాదు. ఆ వస్తువు ఏ ప్రయోజనానికి కొనబడుతుందో ఆ ప్రయోజనం తెలిసే మార్గమే చూపు. ఈ కొలతతో చూస్తే ఆన్‌లైనులో కొనే మనమందరం కొంతవరకు అంధులమే. గోడ గడియారం బొమ్మ చూస్తే దాని ఆకారం తెలుస్తుంది గాని అది సరిగా నడుస్తుందో లేదో తెలియదు. అత్తరు సీసా బొమ్మ చూస్తే సీసా తెలుస్తుంది. అందులోని అత్తరును గురించి బొమ్మ ఏమీ చెప్పదు.

మడత పెట్టిన బట్ట విషయం కూడా అక్కడనే చర్చించబడినది. పైమడతను చూస్తే చాలునని, దాన్ని బట్టి మిగతాది తెలుస్తుందని మూలంలో ఉన్నది. కాని కోరి కొనే పనితనం ఏదైనా లోపలి మడతలో ఉంటే అది కూడా చూడాలి. ఇంటి విషయంలో ప్రాంగణం చూస్తే చాలునన్న పాత మాటను మర్‌గీనానీ ఎంతో వివేకంతో వివరించారు. ఆ మాట చెప్పిన కాలంలో ఇళ్ళన్నీ ఒకే తీరున ఉండేవనీ, ఇళ్ళ కట్టుబడిలో భేదాలు వచ్చిన తరువాత లోపలికి వెళ్ళి చూడక తప్పదనీ ఆయన అన్నారు. 1197లో మరణించిన ఆ మహాపండితుడు కాలం మారితే చూపు అర్థం కూడా మారుతుందని గుర్తించారు. నేడు ఆ మాటను బొమ్మలకు అన్వయించుకోవటంలో సంకోచించవలసిన పని లేదు.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి తీసుకుందాం. పోచంపల్లి ఇక్కత్ చీరలో నూలును నేయటానికి ముందే కట్లు కట్టి రంగులు అద్దుతారు. ఆ నూలు మగ్గం మీదికి ఎక్కిన తరువాత పువ్వు ఏర్పడుతుంది. కనుక దాని నమూనా బట్టకు రెండు వైపులా ఇంచుమించు ఒకే విధంగా కనబడుతుంది, అంచుల దగ్గర రంగు కొద్దిగా చెదరినట్లు ఉంటుంది. యంత్రం మీద అచ్చువేసిన నకలు చీరకు ముందువైపు రంగు నిండుగా, వెనుకవైపు వెలసినట్లుగా ఉంటుంది. దుకాణంలో అయితే ఆడవారు కొంగు తిరగవేసి చూసి ఒక్క క్షణంలో తేల్చివేస్తారు. ఆన్‌లైనులో ముందువైపు బొమ్మ మాత్రమే పెట్టి, పేరులో ‘ఇక్కత్’ అని వ్రాసి, వర్ణనలో ఎక్కడో అడుగున ‘ప్రింటెడ్’ అన్న మాట ఇరికించేవాడు అబద్ధం ఆడలేదని వాదించవచ్చు. కాని కొనేవాడు తిరగవేసి చూడగల వెనుకవైపును అతడు తెలిసే దాచాడు. అందువల్ల కొన్నవారు మోసపోవటమే గాక, రోజుల తరబడి మగ్గం దగ్గర కూర్చున్న నేతగాడి చీర అదే తెర మీద అధిక ధరగా కనబడి అమ్ముడుపోకుండా మిగిలిపోతుంది. ఒక దాపరికానికి ఇద్దరు నష్టపోతున్నారు. నష్టపోయిన రెండవవాడు ఫిర్యాదు చేయటానికి కూడా వీలులేని స్థితిలో ఉన్నాడు.

దాపరికాన్ని గురించి దైవప్రవక్త (స) వారి సంప్రదాయం ముస్లింలలో తెలియనివారు అరుదు. ఒకనాడు వారు బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షం పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. మరి ఆ తడిసిన భాగాన్ని జనం చూసేటట్లు పైన ఎందుకు ఉంచలేదని వారు అడిగారు. మోసం చేసేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఈ సంఘటనను చదివేటప్పుడు చాలామంది చివరి హెచ్చరిక దగ్గర ఆగిపోతారు. నడుమ ఉన్న ప్రశ్నలో పెద్ద ఉపదేశం ఉన్నది. తడి ధాన్యం అమ్మవద్దని వారు అనలేదు. తడిని పైన పెట్టమన్నారు. లోపమున్న వస్తువు అమ్మవచ్చును. కొనేవాడి కన్ను ముందుగా పడేచోట ఆ లోపం ఉండాలి. వాడిన ఫోను అమ్మేవాడు బ్యాటరీ క్షీణించిన సంగతిని, తెర మార్చిన సంగతిని మొదటి వాక్యంలో వ్రాయాలన్నమాట. పది బొమ్మలు పెట్టి, పగులు ఉన్న మూలను మాత్రం ఏ బొమ్మలోనూ రానివ్వనివాడు తడిని రాశి అడుగున ఉంచినవాడే.

లోపానికి ఫిఖహ్‌లో ‘ఐబ్’ అన్న పేరు. మన ఉర్దూ సంభాషణలో ఐబ్ అంటే మనిషిలోని తప్పు అన్న అర్థం ముందుగా తోస్తుంది గాని, ఇక్కడ దాని అర్థం చాలా లౌకికమైనది. ఆ సరుకు వర్తకుల ఆచారంలో ఏది ధర తగ్గిస్తుందో అది ఐబ్. కనుక ఏది లోపమో నిర్ణయించేది అమ్మేవాడి అభిప్రాయం గాదు, ఆ వ్యాపారంలో ఆరితేరినవారి అభిప్రాయం. ఇమామ్ అబూ హనీఫా స్వయంగా కూఫా నగరంలో బట్టల వర్తకులు. వారు లోపమున్న ఒక బట్టను తమ భాగస్వామికి ఇచ్చి, అమ్మేటప్పుడు ఆ లోపం తప్పక చెప్పమన్నారట. భాగస్వామి మరచిపోయి అమ్మివేశాడు. కొన్నవాడెవరో కూడా తెలియలేదు. సంగతి తెలిసిన ఇమాము గారు దానివల్ల వచ్చిన సొమ్మంతా దానం చేశారని వారి జీవిత చరిత్రలు చెబుతున్నాయి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు మన బజార్లలో కూడా కనబడుతుంది. ఏ లోపానికీ తాను బాధ్యుడు కాడని అమ్మేవాడు ముందుగా షరతు పెట్టి, కొనేవాడు ఒప్పుకుంటే హనఫీ ఫిఖహ్‌లో ఆ షరతు చెల్లుతుంది. కొందరు వ్యాపారులు ఈ మసలాను సగం విని సంతోషిస్తారు. న్యాయస్థానంలో చెల్లటం వేరు, తెలిసిన లోపాన్ని దాచటం వేరు. షరతు పెట్టినవాడికి ఖాజీ ఎదుట ఊరట దొరకవచ్చు గాని, తెలిసి దాచిన లోపపు పాపం షరతుతో మాసిపోదు. పైగా నేడు ఈ దేశంలో ఆ షరతు ఆన్‌లైన్ వ్యాపారికి న్యాయస్థానంలో కూడా అక్కరకు రాదు. వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు 2020 జూలై నుండి అమలులో ఉన్నాయి. సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటించిన గుణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి చేరినా అమ్మకందారు దాన్ని వెనక్కు తీసుకోవటానికి గాని సొమ్ము తిరిగి ఇవ్వటానికి గాని నిరాకరించరాదని ఆ నియమాలు చెబుతున్నాయి. ఎవరి చేతిలోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉన్నది. దేశ చట్టాన్ని పాటిస్తామన్న ఒప్పందం మీదనే వ్యాపారి వ్యాపారం చేస్తున్నాడు కాబట్టి ఇది అతనికి ధర్మరీత్యా కూడా కట్టుబాటే.

ఇంతవరకు చెప్పింది అమ్మేవాడిని గురించి. ప్రసంగాలు, వ్యాసాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా, అల్ ముతఫ్ఫిఫీన్, అలా ఆగలేదు. అది మొట్టమొదట పట్టుకున్నది తాము తీసుకునేటప్పుడు పూర్తిగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారిని. తీసుకోవటం, ఇవ్వటం రెండూ ఒకే మనిషి చేతులు. ఉదయం దుకాణంలో అమ్మేవాడు సాయంత్రం ఇంట్లో ఫోను మీద కొనేవాడవుతాడు. తనకు వచ్చిన పార్సెలులో దారం పోగు తేడా ఉన్నా తిరగగొట్టే మనిషి, తాను పంపే పార్సెలులో ఏమి చేస్తున్నాడన్నది ఆ సూరా అడిగే ప్రశ్న.

ఖియార్ కొనుగోలుదారుకు ఇచ్చిన హక్కు గనుక దాన్ని దుర్వినియోగం చేయటం కూడా కొనుగోలుదారుకే వీలు. రంజాను పండుగకు షేర్వానీ తెప్పించుకుని, ఈద్‌గాహ్‌కు తొడుక్కుని వెళ్ళి, బంధువుల ఇళ్ళన్నీ తిరిగి, మూడవనాడు చీటీ మరల తగిలించి ‘సైజు సరిపోలేదు’ అని వాపసు పంపే యువకులు మన ఇళ్ళలోనే ఉన్నారు. నమాజు చేసిన బట్ట అది! ఇందులో దోషమేమీ లేదని, కంపెనీ ఎలాగూ పెద్దదని వారి సమాధానం. ఫిఖహ్ ఈ వాదాన్ని అంగీకరించదు. ఖియార్ ఉన్నవాడు వస్తువును సొంతదారు వలె వాడుకోవటం మొదలుపెట్టగానే అది సమ్మతికి గుర్తు, అతని హక్కు అక్కడితో సమాప్తం. తొడిగి చూడటం వేరు, తొడిగి పండుగ చేసుకోవటం వేరు. పెద్ద కంపెనీ మాటకు వస్తే, అనేక వేదికలలో వాపసు వచ్చిన సరుకు రవాణా ఖర్చు చివరకు అమ్మిన చిన్న వ్యాపారి లెక్కలోనే పడుతుంది. సూరత్‌లోనో, హైదరాబాదు పాతబస్తీలోనో రెండు కుట్టుమిషన్లు పెట్టుకున్న దర్జీకి నలిగిన షేర్వానీ, దానితోపాటు రానుపోను కిరాయి భారం మిగులుతాయి.

వస్తువు కొనేవాడి చేతిలో ఉండగా కొత్త లోపం ఏర్పడితే ఏమిటి? పాత లోపం అమ్మేవాడి దగ్గరి నుండి వచ్చింది, కొత్త లోపం తన ఇంట్లో పుట్టింది. హనఫీ పండితులు దీనికి చెప్పిన పరిష్కారం ఎంతో న్యాయమైనది. అమ్మేవాడు ఒప్పుకుంటే తప్ప కొనేవాడు వస్తువును తిరిగి ఇవ్వలేడు. అయితే పాత లోపం వల్ల తగ్గిన విలువను రాబట్టుకోవచ్చు. ఎవరి లోపానికి వారే బాధ్యులు. ఒక మిక్సీ మూత పగిలి వచ్చింది. ఇంట్లో అది క్రిందపడి మోటారు కూడా దెబ్బతిన్నది. ఇప్పుడు రెండు దెబ్బలూ దారిలోనే తగిలాయని ఫిర్యాదు వ్రాసి మొత్తం సొమ్ము రాబట్టుకోవటం అబద్ధపు దావా అవుతుంది. మూతకు తగిన సొమ్ము అడగటమే హక్కు. కొత్త ఫోను తెప్పించుకుని పెట్టెలో పాత ఫోను పెట్టి వాపసు పంపేవారిని, పార్సెలు ఖాళీగా వచ్చిందని అబద్ధం చెప్పేవారిని గురించి మసలా అడగవలసిన పని లేదు. అది దొంగతనం.

లోపం ఏమీ లేదు, వస్తువు చెప్పినట్లే ఉన్నది, కొన్నవాడు మనసు మార్చుకున్నాడు. అప్పుడు? చూసి కొన్న సరుకు విషయంలో అతనికి హక్కు లేదు. కాని పశ్చాత్తాపపడిన కొనుగోలుదారు కోరగా బేరాన్ని రద్దు చేసుకునేవాడి తప్పులను అల్లాహ్ తీర్పు దినాన మన్నిస్తాడని హదీసు శుభవార్త ఇస్తున్నది. దీన్ని ‘ఇఖాలా’ అంటారు. ఇది అమ్మేవాడి ఔదార్యం, కొన్నవాడి అధికారం కాదు. నేటి వేదికలు ‘ఏడు రోజులలో ఏ కారణం లేకుండా వాపసు’ అని ప్రకటించినప్పుడు ఇఖాలాను ముందుగానే వాగ్దానం చేసినట్లు. వాగ్దానం చేశారు గనుక నెరవేర్చాలి. ఆ వాగ్దానం మీద ఆధారపడి ఒకేసారి పది జతలు తెప్పించి తొమ్మిది తిప్పి పంపటాన్ని అలవాటు చేసుకున్నవారు మాత్రం, ఇతరుల ఔదార్యం మీద తమ సరదాను నడుపుకుంటున్నారు.

ఇక నడుమ ఉన్న వేదిక సంగతి. దళారి అన్న తెలుగు మాట అరబ్బీ ‘దల్లాల్’ నుండి వచ్చినదే. దళారులు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. అయితే ఫిఖహ్‌లో నడుమవాడి బాధ్యతను తేల్చటానికి ఒక చక్కని విభజన ఉన్నది. కేవలం కబురు చేరవేసేవాడు ఒకడు, వకీలు ఒకడు. (తెలుగులో వకీలు అంటే కోర్టులో వాదించేవాడే అయినాడు గాని, ఫిఖహ్‌లో ఒకరి తరఫున పని జరిపే ప్రతినిధి ఎవరైనా వకీలే.) కబురు తెచ్చేవాడికి బేరంతో సంబంధం లేదు, మాట చేరవేయటంతో అతని పని తీరిపోతుంది. వకీలు తన పేరున బేరం ముగిస్తే, హనఫీ మతం ప్రకారం సరుకు అప్పగించటం, సొమ్ము పుచ్చుకోవటం, లోపం బయటపడితే జవాబు చెప్పటం అన్నీ అతని మీదకే వస్తాయి. కొన్నవాడు వకీలును పట్టుకుంటాడు, వకీలు వెళ్ళి అసలు యజమానిని పట్టుకుంటాడు.

నేటి వేదిక ఈ రెండింటిలో ఏది? అది తనను తాను కబురు తెచ్చేవాడిగా వర్ణించుకుంటుంది. అమ్మేవారు, కొనేవారు కలుసుకునే మైదానం మాత్రమే తమదని అంటుంది. మన 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షను కూడా నిజంగా మధ్యవర్తిగా మాత్రమే ఉన్నవారికి కొన్ని షరతులతో రక్షణ ఇచ్చింది. కాని సరుకును తన గోదాములో పెట్టుకుని, తన పేరున్న పెట్టెలో కట్టి, తన మనిషి చేత పంపించి, సొమ్ము తన ఖాతాలో జమ చేసుకుని, ఏ సరుకు ముందు కనబడాలో తానే నిర్ణయించి, వాపసు వివాదంలో తీర్పు కూడా తానే చెప్పే సంస్థను ఎవరు కబురు తెచ్చేవాడు అనగలరు? వ్యవహారం చూస్తే అది వకీలు స్థానానికి చాలా దగ్గరగా ఉన్నది. పేరు ఏది పెట్టుకున్నా ఒప్పందాలలో చూడవలసింది మాటల రూపాన్ని కాదు, ఉద్దేశాన్ని, భావాన్ని అని ఫిఖహ్ సూత్రం. ఈ విషయంలో వేదికలకు ఎక్కువ బాధ్యత మోపటమే న్యాయమని తోస్తున్నది.

చట్టం కూడా కొంతదూరం ఈ దారినే నడిచింది. అమ్మేవాడి వ్యాపార నామం, చిరునామా, సంప్రదించే మార్గం వేదిక చూపించాలి. ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, ఒక నెలలో దాన్ని పరిష్కరించాలి. కొనేవాడి సమ్మతిని ముందే టిక్కు పెట్టి ఉంచిన గడుల ద్వారా తీసుకోరాదు. తొందరపెట్టే అబద్ధపు గడియారాలు, బుట్టలోకి చెప్పకుండా చేరే అదనపు వస్తువులు వంటి 13 రకాల మాయోపాయాలను పేర్కొని నిషేధించే మార్గదర్శకాలు 2023 నవంబరులో వచ్చాయి. పూర్వం ముస్లిం నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరుగుతూ తూనికలను, కల్తీని తనిఖీ చేసేవాడు. మావర్దీ మొదలుకొని ఎందరో పండితులు అతని విధులపై వ్రాశారు. 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చేసే పనిలో చాలా భాగం ఆ ముహ్తసిబ్ పనే.

నక్షత్రాలను, సమీక్షలను గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. కంటి సాక్ష్యం పోయిన బజారులో మిగిలిన సాక్ష్యం మునుపు కొన్నవారిది. సమీక్ష అన్నది వాస్తవానికి షహాదత్. చూడని వేలమంది ఆ మాట నమ్మి సొమ్ము చెల్లిస్తారు. సరుకుతోపాటు పెట్టెలో ఒక చీటీ పెట్టి, అయిదు నక్షత్రాలు వేస్తే ఇంత సొమ్ము తిరిగి ఇస్తామని వ్రాసే పద్ధతి బాగా వ్యాపించింది. పుచ్చుకునేవారు దాన్ని బహుమానం అనుకుంటున్నారు. సాక్షికి సొమ్ము ఇచ్చి ఫలానా మాట చెప్పమనటానికి బహుమానం అని పేరు పెట్టలేము. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచి పాడి ఇతరులను ప్రలోభపెట్టటాన్ని ‘నజష్’ అని దైవప్రవక్త (స) నిషేధించారు. వాడని వస్తువును పొగిడి ఇతరుల చేత కొనిపించటంలో ఉన్నది అదే మోసం. అమ్మకందారులు కొనుగోలుదారుల వేషంలో సమీక్షలు వ్రాయటాన్ని 2020 నియమాలు నిషేధించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ సమీక్షల సేకరణకు, ప్రచురణకు ఐ.ఎస్. 19000 అన్న ప్రమాణాన్ని కూడా ప్రకటించింది.

దీనికి విరుద్ధమైన సంకోచం ధర్మభీరువులలో కనబడుతుంది. చెడ్డ సరుకును చెడ్డదని వ్రాస్తే అది గీబత్, అనగా పరోక్షనింద అవుతుందేమో అని మౌనంగా ఉంటారు. వివాహ విషయంలో ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) సలహా అడిగినప్పుడు, ఆమెను కోరిన ఇద్దరిలో ఉన్న లోపాలను దైవప్రవక్త (స) ఆమెకు స్పష్టంగా చెప్పారు. ఈ హదీసు ఆధారంగానే ఇమామ్ నవవీ (రహ్మ) వంటివారు సలహా అడిగినవారికి, మోసపోనున్నవారికి హెచ్చరిక చేయటం గీబత్ నుండి మినహాయింపు అన్నారు. కనుక సరుకు లోపాన్ని ఉన్నంతవరకు వ్రాయవచ్చు, ఒక్కొక్కప్పుడు వ్రాయవలసి ఉంటుంది. దానికి హద్దు వాస్తవమే. పార్సెలు తెచ్చిన కుర్రవాడు ఆలస్యం చేశాడన్న కోపంతో సరుకుకు ఒకే నక్షత్రం వేయటం, ఒక నాడు చెడిపోయిన ఖర్జూరాలను బట్టి వ్యాపారిని దొంగ అని వ్రాయటం, నక్షత్రం తీసివేస్తానని బెదిరించి తగ్గింపు రాబట్టటం సాక్ష్యం క్రిందికి రావు.

మోసపోయినవారు ‘అల్లాహ్‌కు వదిలేశాము’ అని ఊరకుండటం మనలో ఒక అలవాటు. సహనం మంచిదే గాని, హక్కును అడగటం సహనానికి వ్యతిరేకం కాదు. పైగా అడగకపోతే తరువాత కొనేవాడు కూడా అక్కడనే మోసపోతాడు. ముందు వేదికలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. అక్కడ పని జరగకపోతే 1915 అన్న జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు నంబరు ఉన్నది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అమ్మేవాడు ఢిల్లీలో ఉన్నా, కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు. కడపవాడు కడపలో, నిజామాబాదువాడు నిజామాబాదులో వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. రెండేళ్ళ లోపల వేయాలి. రసీదు, పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియో, వర్ణన పేజీ బొమ్మ భద్రపరచుకుంటే చాలావరకు అవే సాక్ష్యాలు.

ఎవరి సొమ్మైనా అన్యాయంగా తన దగ్గర ఉండిపోయినవాడు తౌబా చేసుకోదలిస్తే మాత్రం నోటి మాట చాలదు, ఆ సొమ్ము హక్కుదారుకు చేరాలి. హక్కుదారు ఎవరో తెలియనప్పుడు, ఎంత వెదికినా దొరకనప్పుడు అతని పేరున దానం చేయమని పండితులు చెప్పారు. ఇమామ్ అబూ హనీఫా చేసింది అదే, వారు అమ్మిన బట్ట ఎవరి ఇంటికి చేరిందో వారికి తెలియలేదు. ఆన్‌లైన్ బేరంలో ఆ మార్గం సాధారణంగా తెరచి ఉండదు. పండుగ షేర్వానీని వాపసు పంపిన యువకుడి ఫోనులో ఆ దర్జీ దుకాణం పేరు, చిరునామా ఆ బిల్లు మీద ఇంకా ఉన్నాయి. నలిగిన సరుకును అందుకున్న వ్యాపారి దగ్గర ఆ యువకుడి చిరునామా ఉన్నది, లోపం దాచి అమ్మిన ఇతర సరుకులు కొన్నవారి చిరునామాలూ ఉన్నాయి.